చేతిలో పుట్టే ఊహ

1926 అక్టోబరులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఓడ ఒకటి న్యూయార్క్ రేవులో సరుకు దించింది. అందులో కాన్‌స్టాంటిన్ బ్రాంకూజీ శిల్పాలున్నాయి. ఆయన రుమేనియాలో పుట్టి పారిస్‌లో స్థిరపడినవాడు. వాటిలో ఒకటి నాలుగడుగులు దాటిన ఎత్తున, సన్నగా, అద్దంలా మెరుగుపెట్టిన కంచు రూపం. పేరు ‘అంతరిక్షంలో పక్షి’. దానికి రెక్కల్లేవు, ఈకల్లేవు, ముక్కూ కాళ్లూ లేవు. అమెరికా చట్టంలో కళాఖండాలకు దిగుమతి సుంకం లేదు. కస్టమ్స్ అధికారులు మాత్రం దాన్ని వంటింటి, ఆసుపత్రి సామాన్ల పద్దులో రాసి, విలువలో 40 శాతం సుంకం కట్టమన్నారు.

శిల్పాన్ని కొనుక్కున్న ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ ముందు డబ్బు కట్టాడు. తర్వాత బ్రాంకూజీ తరఫున దావా నడిచింది. 1916 నాటి ఒక తీర్పు ప్రకారం శిల్పమంటే ప్రకృతిలో ఉన్న రూపాన్ని అనుకరించేది. అందుకే 1927లో విచారణ మొదలైనప్పుడు కోర్టులో ప్రశ్నలన్నీ పక్షి చుట్టూ తిరిగాయి. దీన్ని పక్షి అని ఎందుకంటున్నారు? అడవిలో కనిపిస్తే తుపాకీ పేలుస్తారా? స్టైకెన్ పేల్చనన్నాడు. ప్రభుత్వ న్యాయవాది ఇంకో మెలిక వేశాడు. నైపుణ్యమున్న మెకానిక్ ఎవడైనా ఒక లోహపు కడ్డీని ఇలా మెరుగుపెట్టలేడా అన్నాడు. మెరుగు పెట్టగలడు కానీ ఊహించలేడు, అసలు సంగతంతా అదే అని శిల్పి జేకబ్ ఎప్‌స్టైన్ జవాబిచ్చాడు. 1928 నవంబరు 26న తీర్పు బ్రాంకూజీ పక్షాన వచ్చింది. దేన్నీ పోలని రూపం కూడా శిల్పమేనని ఒక కస్టమ్స్ కోర్టు ఒప్పుకుంది.

ఆ తీర్పు ఆధునిక కళకు పెద్ద గెలుపు. అయితే ఎప్‌స్టైన్ జవాబు గెలిచిన వైపు నుంచే వచ్చినా ఒక చిక్కును వదిలివెళ్లింది. ఊహించేవాడు వేరు, మెరుగుపెట్టేవాడు వేరు అన్నాడాయన. ఊహది పైమెట్టు, చేతిది కింది మెట్టు. కళ అంటే ఏమిటి, సృజన ఎక్కడ పుడుతుంది అన్న రెండు ప్రశ్నల మీద నూరేళ్లుగా జరిగిన చర్చలో ఎక్కువ భాగం ఈ విభజనను నమ్ముకునే నడిచింది. తెలుగువాళ్ల అనుభవాన్నీ, మనస్తత్వ శాస్త్రం కూడబెట్టిన సాక్ష్యాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విభజన నిలవదు. ఊహ చాలాసార్లు చేతికి ముందు పుట్టదు, చేస్తుండగా చేతిలోనే పుడుతుంది.

ముందు మాట సంగతి. ‘కళ’ అనే మాటకు పాత అర్థం ఇంత ఎత్తున కూర్చున్నది కాదు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో చెప్పిన 64 కళల పట్టికలో పాట, నాట్యం, చిత్రలేఖనం ఉన్నాయి. వాటి సరసనే వంట, పూలదండలు కట్టడం, వడ్రంగం, తోటపని, పొడుపుకథలు కూడా ఉన్నాయి. గ్రీకుల ‘టెక్నే’, లాటిన్ ‘ఆర్స్’ కూడా అంతే, చెప్పులు కుట్టడం నుంచి పద్యం కట్టడం దాకా నేర్పుతో చేసే ప్రతి పనికీ అవే మాటలు. సంగీతం, కవిత్వం, చిత్రం, శిల్పం, నృత్యం అనే కొన్నింటిని విడదీసి ‘సుందర కళలు’ అని ఒక గుంపుగా కట్టినది 18వ శతాబ్దపు యూరప్. ఫ్రెంచి పండితుడు షార్ల్ బాతూ 1746లో రాసిన గ్రంథాన్ని ఆ విభజనకు మైలురాయిగా చెబుతారు. మన ‘లలిత కళలు’ అనే వాడుక ఆ చట్రంలోనే స్థిరపడింది. 1954లో కేంద్ర లలిత కళా అకాడమీ ఏర్పడేనాటికి చిత్రకారుడు ఒక గదిలోకి, నేతగాడు, అద్దకందారు, బొమ్మల పనివాడు ‘హస్తకళల’ గదిలోకి వెళ్లిపోయారు. గదుల మధ్య గోడ కట్టినది ప్రభుత్వ శాఖలు, మార్కెట్లు, మ్యూజియంలు. ఆ పనుల్లో ఉన్న తేడా మాత్రం కాదు.

ఈ గోడ ఎంత కృత్రిమమో తెలియాలంటే శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఇంటికి వెళ్లి ఒక పూట కూర్చోవాలి. ముతక నూలుబట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఎండలో ఆరబెడతారు. చింతపుల్లల బొగ్గుతో చిత్తురూపు గీస్తారు. కలమంటే చివర చెక్కిన వెదురుపుల్ల, దాని మీద చుట్టిన ఉన్ని లేదా గుడ్డ, బిగించి కట్టిన దారం. చుట్టిన ఉన్ని సిరా పీల్చుకుని ఉంటుంది. చిత్రకారుడు వేళ్లతో ఎంత నొక్కితే అంత సిరా దిగుతుంది. నల్లరంగు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ‘కసిం’ వాడతారు. కలంలో ఉన్నప్పుడు అది అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్టకు తగిలాకే నల్లబడుతుంది. పటిక పూసినచోట ఎరుపు పడుతుంది. పటికనీళ్లు పూసేటప్పుడు ఆ ఎరుపు కంటికి కనబడదు, రంగునిచ్చే చెట్ల వేళ్లూ చెక్కలూ వేసి ఉడకబెట్టాక తేలుతుంది. తర్వాత పారే నీటిలో ఉతకడం, ఆరబెట్టడం, కరక్కాయ పువ్వు పసుపు, నీలిమందు నీలం.

అంటే అక్కడ గీత గీసేవాడు ఇంకా కంటికి రాని రంగును మనసులో చూస్తూ గీస్తున్నాడు. సిరా పాకుడు బట్టనుబట్టి, ఎండనుబట్టి, వేళ్ల ఒత్తిడినిబట్టి మారుతుంది. రావణుడి పది తలల్ని ఒక అడుగు వెడల్పులో ఎలా సర్దాలి, ద్రౌపది కళ్లు ఎటు తిప్పాలి అన్న నిర్ణయాలు కలం బట్టమీద ఉన్నప్పుడే జరుగుతాయి. ఇందులో ఊహ ఎక్కడ ఆగింది, మెరుగుపెట్టడం ఎక్కడ మొదలైంది? ఎప్‌స్టైన్ గీసిన గీతను ఈ బట్ట మీద గీయడం కుదరదు. 1950ల చివర్లో హస్తకళల ఉద్యమకారిణి కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం రాకపోతే ఈ కలంకారీయే అంతరించేది. ఆ ఊరి కలంకారీ చిత్రకారుడు గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

పాశ్చాత్య తత్వవేత్తలు కళకు నిర్వచనం వెతికిన దారి వేరు. కళ అనుకరణ అన్న పాత సిద్ధాంతం ఫోటోగ్రఫీ రాకతో సగం చచ్చింది. టాల్‌స్టాయ్ 1890ల చివర ‘కళ అంటే ఏమిటి?’ అనే గ్రంథం ప్రచురించి, ఒకరు అనుభవించిన భావం ఇతరులకు సోకించడమే కళ అన్నాడు. ఆ కొలబద్దతో ఆయన షేక్‌స్పియర్‌ను, బెథోవెన్ తొమ్మిదో సింఫనీని, తన సొంత నవలల్లో చాలావాటిని పక్కకు నెట్టేశాడు. తాను కట్టిన ఇంటిని తానే కూల్చడానికి సిద్ధపడిన ఆ నిజాయితీ ముందు తలవంచాలి. ఆ కొలబద్దను మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. ఊరేగింపులో ఎవరో పెట్టిన కేక కూడా భావాన్ని సోకిస్తుంది మరి.

1917లో మార్సెల్ దుషాం ఒక మూత్రశాల తొట్టిని కొని, ‘ఆర్. మట్’ అని సంతకం పెట్టి, ‘ఫౌంటెన్’ అనే పేరుతో న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనకు పంపాడు. రుసుం కట్టిన ప్రతివారి పనీ పెడతామన్న నిర్వాహకులు దాన్ని పెట్టలేదు. అసలు వస్తువు పోయింది. మిగిలింది ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్స్ తీసిన ఫోటో, తర్వాత చేయించిన నకళ్లు. ఎప్‌స్టైన్ వాదన చివరి మెట్టు ఇదే. చేతికి ఇక పనే లేదు, ఊహ ఒక్కటే కళ. 1964లో ఆండీ వార్హాల్ సబ్బుపెట్టెల అట్టడబ్బాల్లా కనిపించే చెక్కపెట్టెలు పేర్చినప్పుడు తత్వవేత్త ఆర్థర్ డాంటో ఒక మంచి ప్రశ్న వేశాడు. చూపుకు రెండూ ఒకటే అయినప్పుడు దుకాణంలోది సరుకు, గ్యాలరీలోది కళ ఎలా అయింది? చుట్టూ ఉన్న చరిత్ర, సిద్ధాంతం కలిసిన ‘కళాలోకం’ వల్ల అని ఆయన జవాబు. జార్జ్ డికీ దాన్ని ఇంకా గట్టిగా బిగించి, సంస్థలు హోదా ఇస్తేనే కళ అన్నాడు. అంతకు ముందే 1956లో మారిస్ వైట్స్, కళకు మూసిన నిర్వచనం అసాధ్యం, ఒక కుటుంబంలో ముక్కు ఒకరికి, నవ్వు ఇంకొకరికి కలిసినట్టు పోలికలు మాత్రమే ఉంటాయి అని తేల్చాడు.

సంస్థల సిద్ధాంతం తెలుగువారికి పరాయిది కాదు, మన ముంగిట్లోనే జరిగింది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్య సదస్సు తర్వాత కూచిపూడి శాస్త్రీయ నృత్యమా కాదా అన్న వివాదం రాజుకుంది. తెలుగు పండితులకు మనసు కష్టమైంది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో కూచిపూడికే ప్రత్యేకంగా సదస్సు పెట్టి, దాని శాస్త్రీయతను వాదించి నిలబెట్టింది. ఆ రెండు సదస్సుల నడుమ కూచిపూడిలో ఒక్క అడుగూ మారలేదు. మారినది హోదా. డికీ చెప్పింది ఆ మేరకు నిజమే. సంస్థలు పేరు పెడతాయి, పీట వేస్తాయి, డబ్బిస్తాయి. కానీ పీట మీద కూర్చున్నదాన్ని చూసి మనిషి గుండె ఎందుకు కదులుతుందో చెప్పడం ఆ సిద్ధాంతానికి చేతకాదు.

దాన్ని చెప్పడానికి పూనుకున్నది భారతీయ అలంకార శాస్త్రం. భరతుడి నాట్యశాస్త్రం కళ అంటే ఏ వస్తువు అని అడగలేదు, రంగస్థలానికీ ప్రేక్షకుడికీ నడుమ ఏం జరుగుతుందని అడిగింది. రసం అనే మాట అక్కడిది. తర్వాతి వ్యాఖ్యాతల్లో శంకుకుడు ఇచ్చిన ఉపమానం ఈనాటికీ పదును తగ్గలేదు. దాన్నే చిత్రతురగ న్యాయం అంటారు. గోడ మీద గుర్రం బొమ్మను చూసి ‘గుర్రం’ అంటాం. అది నిజమైన గుర్రమని నమ్మి కాదు, అబద్ధమని తెలిసీ కాదు, గుర్రమా కాదా అన్న అనుమానంతో కాదు, గుర్రంలా ఉందన్న పోలికతోనూ కాదు. ఈ నాలుగింటికీ చెందని ఐదో రకం ఎరుక అది. కళ చూసేటప్పుడు మనలో మేలుకునేది ఆ ఎరుకేనన్నాడు శంకుకుడు. అభినవగుప్తుడు ఆయన్ని ఖండించాడు, రసం ఊహించి తెలుసుకునేది కాదు, సహృదయుడు అనుభవించేది అన్నాడు. ఖండించినా ఆ గుర్రం మాత్రం నిలిచింది.

వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషం చూసినవారికి ఆ గుర్రం సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1935లో పుట్టి 2012లో కన్నుమూసిన ఆయన భామాకలాపంలో జడ ముందుకు వేసుకుని తెర వెనక నుంచి వస్తుంటే ముందు వరసలోని ఆడవాళ్లు కూడా కళ్లార్పేవారు కాదు. ఆ వచ్చేది మగవాడని అందరికీ తెలుసు. ఎవరూ మోసపోలేదు, ఎవరికీ అనుమానమూ లేదు. అయినా ఆ గంటసేపు అక్కడున్నది సత్యభామే. పూనకం కాదది, అనుకరణ కూడా కాదు. పిల్లప్పటి నుంచి ఒళ్లంతా ఇంకిన అభ్యాసంలోంచి, అప్పటికప్పుడు ఆ ప్రేక్షకుల ఎదుట పుట్టి క్షణక్షణానికీ మారే సంచారి భావాల్లోంచి వచ్చినది.

సృజనకు కారణమేమిటన్న ప్రశ్నతో కూడా మన శాస్త్రకారులు సూటిగా తలపడ్డారు. దండి పుట్టుకతో వచ్చిన ప్రతిభ, నిర్మలమైన చదువు, విడవని అభ్యాసం అని మూడు చెప్పి, ప్రతిభ కొరవడినా శ్రమతో కొంత దూరం పోవచ్చునని ధైర్యమిచ్చాడు. మమ్మటుడు ఆ మూడూ విడివిడి కారణాలు కావు, కలిసే ఒక్క కారణం అన్నాడు. 17వ శతాబ్దంలో షాజహాన్ ఆస్థానంలో ఉన్న మన తెలుగువాడు జగన్నాథ పండితరాయలు మాత్రం రసగంగాధరంలో అడ్డం తిరిగి, ప్రతిభ ఒక్కటే కారణం, మిగతావి దానికి దోహదాలు అని వాదించాడు. ఆ గ్రంథంలో ఉదాహరణలకు పరుల పద్యం ముట్టకుండా అన్నీ తానే రాసుకున్న మనిషి ప్రతిభ పక్షాన నిలబడడం సహజమే. అంతకు చాలా ముందు రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను రెండుగా చీల్చాడు. చేసేవాడిది కారయిత్రి, చూసి విలువ కట్టేవాడిది భావయిత్రి. ఈ రెండో మాటను గుర్తుంచుకోవాలి, కంప్యూటర్ల కాలంలో అది పనికొస్తుంది.

మనస్తత్వ శాస్త్రం ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చింది. 1950లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం అధ్యక్షుడిగా జె. పి. గిల్‌ఫర్డ్ ప్రసంగిస్తూ, తమ శాస్త్రంలో జాబితాకెక్కిన దాదాపు 1,21,000 రచనల్లో సృజన గురించినవి 186 మాత్రమేనని లెక్క చూపి ఈ నిర్లక్ష్యం దారుణమన్నాడు. అప్పటికి చలామణీలో ఉన్నది గ్రాహం వాలస్ 1926లో చెప్పిన నాలుగు దశలే. అవి సన్నాహం, పొదగడం, మెరుపు, సరిచూపు. ఈ నాలుగింటిలో జనానికి నచ్చింది మెరుపు. గణితజ్ఞుడు హెన్రీ పాయింకారే బస్సు మెట్టు మీద కాలు పెడుతుండగా పరిష్కారం తట్టిందన్న కథ అందుకే ఊరూరా తిరిగింది. ఆ కథ చెప్పిన పాయింకారేనే, ముందు వారాల తరబడి తెలిసి చేసిన చాకిరీ లేకుండా ఆ మెరుపు రాదని, వచ్చాక కూర్చుని సరిచూడకపోతే నిలవదని కూడా చెప్పాడు. ఆ మాట మాత్రం తిరగలేదు.

చాకిరీ లోపల ఏం జరుగుతుందో చూపించిన పరిశోధన ఒకటుంది, దానికి రావలసినంత పేరు రాలేదు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులను జేకబ్ గెట్‌జెల్స్, మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే ఇద్దరు పరిశీలించారు. ఒక బల్ల మీద రకరకాల వస్తువులు పెట్టారు. వాటిలోంచి కావలసినవి ఏరి, రెండో బల్ల మీద అమర్చుకుని, బొమ్మ గీయమన్నారు. కొందరు చప్పున నాలుగు వస్తువులు తీసి, అమర్చి, గీయడంలో పడ్డారు. ఇంకొందరు వస్తువులను చేత్తో తిప్పారు, వాసన చూశారు, లెన్సులోంచి చూశారు, గీయడం మొదలుపెట్టాక కూడా అమరిక మార్చారు, చెరిపారు. ఏం గీయాలో గీస్తూనే వెతికారు. ఎవరు గీసిందో తెలియకుండా బొమ్మలు చూసిన కళాకారులు ఈ రెండో రకం వారి పనిలో ఎక్కువ కొత్తదనం ఉందన్నారు. 1976లో ప్రచురించిన ఆ అధ్యయనం ఏళ్ల తర్వాత ఆ విద్యార్థులు ఏమయ్యారో కూడా వెతికింది. కళాకారులుగా నిలదొక్కుకున్నవారిలో వస్తువులను తడిమినవాళ్లే ఎక్కువ. సమస్యకు జవాబు కనుక్కోవడం కన్న, సమస్యను కనుక్కోవడమే సృజన అని వాళ్లు తేల్చారు.

పికాసో ‘గెర్నికా’ ఇదే సాక్ష్యం చెబుతుంది. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి. మే 1న పికాసో చిత్తుబొమ్మలు మొదలుపెట్టాడు. దాదాపు 45 చిత్తులు మిగిలాయి. కాన్వాసు మారుతూ వచ్చిన దశలను డోరా మార్ ఫోటోలు తీసింది. తొలి దశల్లో నేలకొరిగిన యోధుడి చెయ్యి పిడికిలి బిగించి నిటారుగా లేచి ఉంటుంది, వెనక సూర్యుడు. అది నినాదం. కొన్నాళ్లకు పిడికిలి పోయింది, సూర్యుడు కాస్తా కరెంటు బల్బు ఉన్న కన్నుగా మారాడు. లోకమంతా ఇప్పుడు చూస్తున్న ఆ చిత్రం మే 1న పికాసో బుర్రలో లేదు. ఐదారు వారాల పాటు కాన్వాసు ఎదుట తయారైంది.

తెలుగు సాహిత్యం తీసుకుంటే ఈ వాదానికి మొదటి పుటలోనే ఆధారం దొరుకుతుంది. ఆదికవి అని మనం మొక్కే నన్నయ చేసింది అనువాదం. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కోరికపై సంస్కృత భారతాన్ని తెలుగు చేయబూని, ఆది, సభా పర్వాలు, అరణ్యంలో కొంత రాసి ఆగాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాట పర్వం నుంచి 15 పర్వాలు రాశాడు. 14వ శతాబ్దంలో ఎర్రన నడుమ మిగిలిన అరణ్య శేషం పూరించాడు. మూడు శతాబ్దాలు, ముగ్గురు కవులు, కథ మాత్రం వ్యాసుడిది. ‘కొత్త కథ’ కావాలన్న కొలతతో కొలిస్తే ఈ ముగ్గురికీ సున్నా మార్కులు పడాలి. కానీ తిక్కన కీచకుడి నోట, ద్రౌపది నోట పెట్టిన తెలుగు వ్యాసుడి దగ్గర లేదు. ఎవరు ఎప్పుడు మాట విరవాలి, ఎక్కడ ఊపిరి బిగబట్టాలి అన్న నిర్ణయాలన్నీ తిక్కనవే. 20వ శతాబ్దంలో విశ్వనాథ సత్యనారాయణ మళ్లీ రామాయణమెందుకన్న ప్రశ్నను తానే వేసుకుని రామాయణ కల్పవృక్షం రాశారు. దానికి తెలుగులో మొదటి జ్ఞానపీఠం వచ్చింది.

16వ శతాబ్దపు పింగళి సూరన అయితే ఒక్కడే రెండు వైపులా నిలిచి చూపించాడు. రాఘవపాండవీయంలో ప్రతి పద్యమూ రామకథగా, భారతకథగా రెండు విధాల చదువుకునేలా కట్టాడు. కథలు పాతవి, కట్టడి భయంకరం. కళాపూర్ణోదయంలో ఎవరూ చెప్పని కథను తానే అల్లాడు. అందులో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమి మీద మనుషుల బతుకై జరుగుతుంది. సృష్టి అంటే ఏమిటన్న ప్రశ్నకు తెలుగు కావ్యం ఇచ్చిన అందమైన జవాబు అదే. ఒకే చెయ్యి ఈ రెండూ చేసిందంటే, కట్టడికి లోబడడం ఒక గుణం, స్వేచ్ఛ ఇంకో గుణం అని విడదీయడానికి వీల్లేదు.

కట్టడి పేరెత్తగానే అవధానం గుర్తురావాలి. అష్టావధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు, అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాత ఏ అక్షరం రాకూడదో చెబుతాడు. పద్యం ఎటు పోతుందో అవధానికే ముందు తెలియదు. సమస్యలో అర్థం లేనట్టు, అపచారంలా కనిపించే పాదం ఇస్తే దాన్ని అర్థవంతం చేయాలి. దత్తపదిలో పొంతనలేని నాలుగు మాటలు ఇమడ్చాలి. నడుమ అప్రస్తుత ప్రసంగం చేసేవాడి చిలిపి ప్రశ్నలు, గంట దెబ్బల లెక్క. చివర అన్ని పద్యాలూ ధారణగా ఒప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూరా ఊరేగించారు. ఇది కవిత్వం కాదు, గారడీ అన్న విమర్శ అప్పటినుంచీ ఉంది. అవధానాల్లో పుట్టిన పద్యాల్లో నూటికి తొంభై ఆ పూటతో వాడిపోతాయన్నది నిజమే. కానీ సృజన ఎలా జరుగుతుందో నలుగురి ఎదుట, దీపం వెలుగులో, దశదశా విప్పి చూపించే ప్రయోగశాల ప్రపంచంలో ఇంకెక్కడుంది? ఫ్రాన్స్‌లో 1960లో ఏర్పడిన ‘ఊలిపో’ బృందం నియమాలతో రాయడాన్ని సిద్ధాంతం చేసింది. వారిలో జార్జ్ పెరెక్ 1969లో ఫ్రెంచిలో అతి ఎక్కువగా వచ్చే ‘e’ అక్షరం లేకుండా నవల రాశాడు. దండి అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే దశకుమార చరితంలో ఒక కథను పెదవులు తగిలే అక్షరాలు లేకుండా రాసి, కథ చెప్పేవాడి పెదవికి గాయమైందని కారణం కూడా చూపాడు. ఆ గాయం లేకుంటే అది గారడీగా మిగిలేది. కారణం చూపడంతో కథైంది.

బ్రిటిష్ పండితురాలు మార్గరెట్ బోడెన్ 1990లో సృజనను మూడు రకాలుగా విడదీసింది. తెలిసిన వాటిని కలపడం ఒకటి, ఉన్న నియమాల లోపల కొత్త మూలలు వెతకడం రెండోది, నియమాలనే మార్చడం మూడోది. మూడోదానికి మంచి ఉదాహరణ కోనసీమలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది సంగీతంలో ఏర్పడిన కట్టుబాటు. ఆయన నాలుగు స్వరాలతో లవంగి, మహతి కల్పించి కృతులు రాసి పాడాడు. ఆ తర్వాత మూడు స్వరాలకు కూడా దిగాడు. ఇవి రాగాలే కాదన్న పండితులున్నారు, పెద్ద చర్చే నడిచింది. కానీ మేళకర్తలు 72లోనూ కృతులు కట్టి, నియమాన్ని నరాల్లోకి ఇంకించుకున్నవాడు కాబట్టే ఆయన దాన్ని ఎక్కడ తుంచితే విరగదో తెలుసుకున్నాడు. నేర్చుకోనివాడు నాలుగు స్వరాలు పాడితే అది అపస్వరమే.

పేరిణి కథ ఇంకా లోతైనది. కాకతీయుల కాలం నాటి ఈ మగవారి నృత్యం ఎవరికీ రాకుండా పోయింది. మిగిలినవి రెండే రెండు. గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళి ఒకటి, 1213 నాటి రామప్ప గుడిలో, అలాంటి ఇతర ఆలయాల్లో చెక్కిన నర్తక శిల్పాలు రెండోది. నటరాజ రామకృష్ణ వీటిని ఎదురెదురుగా పెట్టుకుని పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. దీన్ని పునరుద్ధరణ అంటాం. కానీ శిల్పంలో ఉన్నది ఒక భంగిమ. పక్క శిల్పంలో ఇంకో భంగిమ. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే దారి రాతిలో లేదు, గ్రంథంలో ఉన్నది మాటలే. బరువు ఏ కాలి మీద నుంచి ఏ కాలి మీదకు మారాలి, ఊపిరి ఎక్కడ తీయాలి అన్నది రామకృష్ణ తన ఒంటితో, శిష్యుల ఒంటితో ప్రయత్నించి కనుక్కున్నారు. 800 ఏళ్ల నాటి నృత్యమూ అదే, 20వ శతాబ్దపు కొత్త కల్పనా అదే. ఎంత పాతది, ఎంత కొత్తది అని తూకం వేసి విడదీయడం కుదరదు, ఆ అవసరమూ లేదు.

ఇప్పుడు యంత్రాలొచ్చాయి. 2018 అక్టోబరులో క్రిస్టీస్ సంస్థ కంప్యూటర్ తయారుచేసిన ఒక ముఖచిత్రాన్ని 4,32,500 డాలర్లకు వేలం వేసింది. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ఉత్సవంలో డిజిటల్ కళల పోటీలో జేసన్ ఆలెన్ అనే ఆయన కృత్రిమ మేధ సాధనంతో చేయించిన బొమ్మకు మొదటి బహుమతి వచ్చింది. దానికోసం కనీసం 624 సార్లు ఆదేశాలు మార్చి మార్చి ఇచ్చానన్నాడాయన. అయినా అమెరికా కాపీరైట్ కార్యాలయం యంత్రం గీసిన భాగం మీద హక్కు ఇవ్వనంది. మన 1957 కాపీరైట్ చట్టం 1994 సవరణతో వేరే మాట చెబుతుంది. కంప్యూటర్ సృష్టించిన రచనకు, దాన్ని సృష్టింపజేసిన వ్యక్తే కర్త. ఆ సవరణ రాసినప్పుడు ఇలాంటి యంత్రాలు ఎవరి ఊహలోనూ లేవు, కనుక దాన్ని కొత్తగా చర్చించక తప్పదు.

ఊహే కళ, చెయ్యి వట్టి పనిముట్టు అని 1927లో కోర్టులో చెప్పిన మాటను పట్టుకుంటే ఆలెన్‌కు హక్కు ఇవ్వాల్సిందే. ఊహ తనది, మెరుగు యంత్రానిది. కానీ పికాసో 45 చిత్తులకూ ఈ 624 ఆదేశాలకూ తేడా ఉంది. పికాసో చేతికింద గీత ప్రతిసారీ ఎదురు తిరిగింది, ఆ ఎదురుదెబ్బకు ఆయన ఊహ మారింది. ఆలెన్ వచ్చినవాటిలో బాగున్నవి ఏరాడు, బాగోలేనివి వద్దన్నాడు. అది తక్కువ పనేం కాదు, రసజ్ఞత లేనివాడు చేయలేడు. రాజశేఖరుడైతే దానికి పేరు సిద్ధంగా ఉంచాడు, అది భావయిత్రి ప్రతిభ. కారయిత్రి మాత్రం అక్కడ లేదు. ఆ బొమ్మ వెనక ఉన్న గీతల నేర్పు, యంత్రానికి మేతగా వేసిన లక్షల బొమ్మలు గీసిన చేతులది. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

పేర్లు లేకపోవడం మనకు పాత అలవాటే. మచిలీపట్నం రేవు నుంచి 17వ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు ఓడల్లో వెళ్లిన అద్దకపు బట్టలు యూరప్‌ను ఎంత ఊపాయంటే, ఫ్రాన్స్ 1686లో, బ్రిటన్ 1700లో, 1721లో చట్టాలు చేసి వాటిని అడ్డుకోవలసి వచ్చింది. ఆనాటి కోరమాండల్ బట్టలు ఈనాడు లండన్ మ్యూజియం అద్దాల వెనక ఉన్నాయి. పక్కన కాలం, తీరం రాసి ఉంటాయి, గీసినవాడి పేరు ఉండదు. బ్రాంకూజీ కోర్టులో గెలవడానికి ఒక కారణం, ఇది ఫలానా శిల్పి స్వయంగా చేసిన అసలు పని అని చూపించగలగడం. ఆ అవకాశం మన అద్దకందారుకు ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడూ కలంకారీ పేరుతో యంత్రంపై అచ్చేసిన బట్ట అంగళ్లలో సగం ధరకు దొరుకుతోంది.

ప్రభుత్వ ఎంపోరియంలు, మ్యూజియంలు, ప్రదర్శనలు పెట్టేవారు ఇకనైనా చేతిపని ప్రతిదాని పక్కనా చేసినవారి పేరు, ఊరు రాయాలి. కొనే పాఠకులు కూడా శ్రీకాళహస్తి బట్టను చేతిలోకి తీసుకున్నప్పుడు, ధర అడగడానికి ముందు దీన్ని గీసిందెవరని దుకాణదారుని అడగండి.